లీవరు మీద మూడు గీతలు

మా బావకు చెవుడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ ఆడిపోసుకోకుండా. పుట్టుకతో వచ్చిన చెవుడు కాదు, కష్టపడి సంపాదించుకున్నది. పద్దెనిమిదేళ్ళప్పుడు ట్రాముబండ్ల కార్ఖానాలో వడ్రంగిగా చేరి, ఇరవై రెండేళ్ళపాటు రంపం మిషను పక్కనే నిలబడి కిటికీ చట్రాలూ సీట్లూ చేశాడు. అందుకే ఆయన ప్రేమగా పిలిచినా పోట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. మా అక్క మాత్రం ఈ చెవుడును కాపురంలో చక్కగా వాడుకుంది. తిట్టాలనుకున్నవన్నీ మెల్లగా తిట్టేసి, "ఏంటే?" అని ఆయన అడిగితే, "భోజనానికి రమ్మంటున్నా" అనేది.

ఊళ్ళో ట్రాములు ఆపేసిన ఏడాది కార్ఖానా మూతపడింది. నలభై ఒకటో నంబరు బండిని మ్యూజియానికి తెచ్చారు. దాని సీట్లు బాగుచేసేవాళ్ళ కోసం వెతికి వెతికి, చివరికి వాటిని చేసిన మనిషినే పట్టుకొచ్చారు. "సామాన్ల జాబితాలో నన్ను కూడా రాసేసుకున్నారే మరదలు పిల్లా" అనేవాడు బావ.

మాది జాతీయ రవాణా మ్యూజియం. గుర్రపు బగ్గీ దగ్గర నుంచి రెండంతస్తుల బస్సు దాకా, తపాలా సైకిలు దగ్గర నుంచి ఆవిరి రైలింజను దాకా, జనం ఎక్కి తిరిగి తిరిగి వదిలేసినవన్నీ వచ్చి చేరే చోటు. ఏడు పొడుగాటి రేకుల షెడ్లు, వాటినిండా నూనె, పాత తోలు, వార్నిషు కలిసిన వాసన. అందులో వార్నిషు వాటా బావది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి షెడ్లన్నీ ఒక చుట్టు తిరిగి, ఏ తలుపు బిగిసిందో, ఏ మెట్టు వదులైందో తడిమి చూసుకునేవాడు. చూడవచ్చినవాళ్ళెవరైనా తాడు దాటి సీటు మీద కూర్చోబోతే, "అది మీ అత్తగారిల్లా? దిగండి!" అని రేకులు అదిరేలా అరిచేవాడు. ఆయన ఉలి అడిగితే సొంత తమ్ముడికి కూడా ఇవ్వడు. ఎడమచేతి బొటనవేలు చివర లేదు. ఎలా పోయిందని ఎవరడిగినా, "అరువిచ్చా, తిరిగి ఇవ్వలేదు" అనేవాడు.

అక్కడ బోర్డులు రాసేదాన్ని నేను. ప్రతి బండి ముందూ ఒక బోర్డు ఉంటుంది కదా, ఎప్పటిది, ఎవరు చేశారు, దేనితో చేశారు అని, అవి. పాత సామాన్లకు పాత రంగు కలిపి వేయడం కూడా నా పనే. అందరూ నన్ను బోర్డులమ్మ అంటారు. ఈ ఉద్యోగం ఇప్పించింది బావే. మా ఆయన నన్ను వదిలేసి తన దారి తాను చూసుకున్నాక, నేను అక్కావాళ్ళింట్లో ఒక మూల ముడుచుకుని పడుంటే, "ఏడ్చింది చాలు. నీ చేతిరాత బాగుంటుంది. రేపు నాతో రా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు ఒక గట్టున పడింది. ఆ రుణం నేనెలా తీర్చుకున్నానో చెప్పడానికే ఈ గోలంతా.

"అందరికీ బోర్డు రాస్తావు. ఇక్కడ అన్నిటికంటే పాత సామాను నేనేనే. నాకెప్పుడు రాస్తావు?" అని వారానికోసారైనా అడిగేవాడు.

"నువ్వు ముందు ఒకచోట కదలకుండా నిలబడు బావా, రాస్తాను" అనేదాన్ని.

ఇంకో అలవాటుంది ఆయనకు. తాను కొత్తగా చేసి బిగించిన ప్రతి ముక్క మీదా, ఎదురుగా కనబడని వైపు, ఉలితో మూడు చిన్న గీతలు పెట్టి పక్కన సంవత్సరం చెక్కేవాడు. అది మ్యూజియం నియమమే. కొత్తగా చేసిన భాగాన్ని పాతదని రేపు ఎవరూ పొరబడకూడదు, అందుకని గుర్తు ఉండి తీరాలి. కానీ నియమం కాకపోయినా బావ పెట్టేవాడు. "మనం చేసింది మనదని చెప్పాలి. వాళ్ళు చేసింది వాళ్ళదని చెప్పాలి. అంతేగా మన పని" అనేవాడు.

నేను చేరిన రెండో వారం సంగతి. మ్యూజియానికి జాతీయ హోదా ఇవ్వాలా వద్దా అని చూడటానికి కమిటీ వస్తోంది. అందరూ ఆశ పెట్టుకున్నది నలభై ఒకటో నంబరు బండి మీదే. తీరా బండి కింద గోతిలోకి దిగి చూస్తే బ్రేకు లీవరు ఒకటి లేదు. పాత ఇనుము కొట్టు దగ్గర బండి ఆరునెలలు పడి ఉన్నప్పుడు ఎవరో విప్పుకుపోయారు. ఆ బండికి ఉన్నది చేత్తో వేసే బ్రేకు ఒక్కటే. డ్రైవరు తన ముందున్న చేతి చక్రం తిప్పితే గొలుసు బిగుస్తుంది, గొలుసు నాలుగు లీవర్లను లాగుతుంది, లీవర్లు బ్రేకు దిమ్మెలను చక్రాలకేసి నొక్కుతాయి. నాలుగూ మోచెయ్యంత పొడుగున్న ఇనప లీవర్లే. కొత్తది పోత పోయడానికి రెండు నెలలు పడుతుందన్నారు. కమిటీ రావడానికి పన్నెండు రోజులుంది.

"నిలబెట్టి చూపించే బండే కదా మేస్త్రీ, నడిపే బండి కాదు కదా. చెక్కతో చేసి పెట్టెయ్" అన్నాడు అప్పటి డైరెక్టరు.

బావ టేకు దుంగలోంచి చెక్కాడు. మిగతా మూడింటికీ ఉన్న ప్రతి గుంట, ప్రతి సొట్ట దీనికీ పెట్టాడు. అడుగువైపు మూడు గీతలు, సంవత్సరం. రంగు వేయమని నాకిచ్చాడు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మొగుడు వదిలేసినదాన్నని అందరూ జాలిగా చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది. నేనూ ఒక పనిమంతురాలినే అని నలుగురి చేతా అనిపించుకోవాలని ఒకటే తహతహ. నల్లరంగులో గ్రాఫైటు పొడి కలిపాను, అంచుల్లో తుప్పు రంగు అద్దాను, మసి రుద్దాను. మూడు రోజులు పట్టింది. అచ్చం ఇనుమే. ఇంత అందంగా కుదిరిన దాని మీద ఆ మూడు గీతలు మాత్రం కంట్లో నలుసులా ఉన్నాయి. కమిటీవాళ్ళు గోతిలోకి దిగి టార్చి వేస్తే అదే ముందు కనబడుతుంది. గీతల్లో మైనం లప్పం పెట్టి, బొటనవేలితో నొక్కి, పైన రంగేసేశాను. ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే చేశాను.

కమిటీ పెద్దమనిషి గోతిలోకి దిగి టార్చి వేసి చూసి, "నాలుగు లీవర్లూ అసలువే! ఎంత అదృష్టం!" అన్నాడు. ఆ సాయంత్రం రిజిస్టరులో బ్రేకు లీవర్లు నాలుగు, పోత ఇనుము, అసలువి అని నా చేత్తో నేనే రాశాను. హోదా వచ్చింది. నన్ను పర్మనెంటు చేశారు.

నెల తర్వాత బావ గోతిలోకి దిగి గీతల కోసం వెతుక్కున్నాడు. విషయం అర్థమయ్యాక నాతో నలభై రోజులు మాట్లాడలేదు. అంత గొంతున్న మనిషి ఇంట్లో నోరు మూసుకుని తిరుగుతుంటే, అక్క నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసేది. చివరికి ఆయనే అన్నాడు: "ఇప్పుడు చెబితే నీ ఉద్యోగం పోతుంది. ఎలాగూ నడిచే బండి కాదు. ఇనప లీవరు పోయించి నేనే మార్చేస్తాలే." ఆ పోత పోసే దుకాణం మరుసటి ఏడాది మూసేశారు. ఇవాళ కాదు రేపు, ఈ నెల కాదు వచ్చే నెల అనుకుంటూ పంతొమ్మిదేళ్ళు గడిపేశాం. నిజం చెప్పొద్దూ, మధ్యలో కొన్నేళ్ళు నాకసలు గుర్తే లేదు.

ఇంతలో కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. చురుకైన మనిషి, చెడ్డది కాదు. మ్యూజియానికి ఇరవై ఏళ్ళు నిండే సందర్భంలో నలభై ఒకటో నంబరు బండిని నిజంగానే నడుపుదాం అంది. షెడ్డు ముందు నుంచి పెద్ద గేటు దాకా పట్టాలు వేయించింది, పైన కరెంటు తీగ లాగించింది. మొదట వంద అడుగులు చదునుగా ఉంటుంది, ఆ తర్వాత గేటు దాకా దిగుడే. గేటు అవతల బస్సులు రయ్యిన పోయే పెద్ద రోడ్డు. ఊళ్ళో మిగిలిన పాత ట్రాము డ్రైవర్లనూ కండక్టర్లనూ వాళ్ళ భార్యలతో సహా పిలిచి ఎక్కించాలని, డెబ్బై ఎనిమిదేళ్ళ డ్రైవరు తాత చేత నడిపించాలని, బండికి పునర్జన్మ ఇచ్చినందుకు మా బావకు సన్మానం చేయాలని ఏర్పాటు. బావకు రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుంది.

ఈ మాట విన్న రోజే నాకు ఆ చెక్క లీవరు మళ్ళీ గుర్తొచ్చింది. కానీ బావ వెళ్ళి డైరెక్టరమ్మకు ఒకటే చెప్పాడు: "ముసలి బండి. ముందు ట్రాక్టరు కట్టండి. దిగుడులో ట్రాక్టరే పట్టుకుంటుంది. బ్రేకు మీద భారం పెట్టొద్దు." ఆమె సరేనంది. వారం ముందు చదును మీద ఖాళీ బండితో ట్రయల్ చేశారు. తాత చక్రం తిప్పాడు, బండి ఆగింది. ఇంజనీరు సంతకం పెట్టాడు. బావ నాకేసి చూసి తలూపాడు. ట్రాక్టరు ఉంది, పర్వాలేదు. ఆయన రిటైరయ్యేలోపు ఎలాగైనా ఇనపది పెట్టేస్తాడు. ఇంకెందుకు నోరు విప్పడం? అలా అనుకుని వారం రోజులు హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు పదకొండింటికి బండి కదలాలి. పదిన్నరకు నేను షెడ్డు ముందుకొచ్చేసరికి బ్యాండువాళ్ళు వాయిస్తున్నారు, కుర్చీలు నిండిపోయాయి. బండికి కట్టి ఉండాల్సిన ట్రాక్టరు లేదు.

"ట్రాక్టరేది?" అన్నాను గార్డుతో.

"తీసేశారు బోర్డులమ్మా. ఫొటోల్లో బాగోలేదంట. ముఖ్య అతిథిగారు కూడా ఎక్కుతున్నారు, ఇంత పాత బండి తనంతట తానే నడవాలి గానీ ట్రాక్టరు వెనకాల వస్తే ఏం గొప్ప అన్నారంట."

వడ్రంగి గదికి పరుగెత్తాను. బావ సన్మానం కోసం కొత్త చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు.

"బావా, ట్రాక్టరు తీసేశారు!"

"ఏంటే?"

"ట్రాక్టరు! లేదు! తీసేశారు!"

ఆయన చేతులు గుండీల మీదే ఆగిపోయాయి. "ఎంతమంది ఎక్కుతున్నారు?"

"ముప్పై నలుగురు. అక్క కూడా ఎక్కింది. మొదటి సీట్లో కూర్చోబెట్టారు."

బావ గుండీలు పెట్టుకోకుండానే బయటికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తుతూ చొక్కా పట్టుకు లాగాను. "బావా, కాస్త ఆగు. ఒంట్లో బాగోలేదని డ్రైవరు తాతను దింపేద్దాం. కరెంటు తీసేయిద్దాం. లీవరు సంగతి ఎత్తొద్దు. నా ఉద్యోగం..."

ఆయన వినలేదు. వినబడకో, వినకూడదనో, నాకిప్పటికీ తెలియదు.

డైరెక్టరమ్మ అతిథుల మధ్య ఉంది. బావ నేరుగా వెళ్ళి ఆమె ముందు నిలబడి, తన మామూలు గొంతుతో, "ఆ బండి కదలకూడదు! బ్రేకు లీవరు ఒకటి చెక్కది!" అన్నాడు. నలుగురూ తిరిగి చూశారు. చొక్కా గుండీల్లేకుండా, చెమటలు కక్కుతూ, అరుస్తున్న మనిషి.

ఆమె నవ్వుముఖం చెదరనివ్వకుండా గొంతు తగ్గించింది. "మేస్త్రిగారూ, మీరు కంగారు పడుతున్నారు. ట్రయల్ అయింది. ఇంజనీరుగారు చూశారు. అసలు భాగాలని కమిటీ రిపోర్టుంది."

"కమిటీ మొహం! చేసింది నేను! చెక్కది!"

"మరి మీ గుర్తుండాలి కదా? ఇంజనీరుగారు నాలుగూ చూశారు, దేనిమీదా గుర్తు లేదన్నారే."

బావ నోరు తెరిచి, మూసేశాడు. గుర్తు ఎందుకు లేదో చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే నేను మునిగిపోతాను. ఆయన నీళ్ళు నమలడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

డైరెక్టరమ్మ నావైపు తిరిగింది. "బోర్డులమ్మా, రిజిస్టరులో ఏముంది?"

బావ నా పెదాల వైపే చూస్తున్నాడు. చెవులు పోయాక మనుషుల పెదాలు చదవడం నేర్చుకున్నాడాయన.

"పోత ఇనుము అనే ఉంది మేడమ్" అన్నాను. మెల్లగా.

అబద్ధం కాదు. రిజిస్టరులో అదే ఉంది. అంతకంటే నీచమైన మాట నేను జీవితంలో అనలేదు.

బావ నన్ను తిట్టలేదు, నామీద చెప్పలేదు. ఒక్క క్షణం చూశాడంతే. గార్డు వచ్చి ఆయన భుజం పట్టుకుని, "రండి మేస్త్రిగారూ, అలా నీడలో కూర్చుందురు గాని" అంటే, బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడు. ఎక్కడికో నేను చూడలేదు. తలెత్తితే కదా చూడటానికి.

అక్క కిటికీలోంచి నాకు చెయ్యి ఊపుతోంది. పక్కన ఎవరో ముసలి కండక్టరు భార్యతో అప్పుడే కబుర్లలో పడింది. డ్రైవరు తాత పాత యూనిఫాం టోపీ సరిచేసుకుని, బ్రేకు చక్రం దగ్గర నిటారుగా నిలబడ్డాడు. ముఖ్య అతిథి ఎక్కాడు. ఫొటోలు తీశారు. పదకొండు కావడానికి మూడు నిమిషాలుందని ఎవరో మైకులో చెప్పారు.

అప్పుడు చూశాను. బండి కింద, వెనక చక్రాల మధ్య, రెండు కాళ్ళు. పాత తోలు చెప్పులు. మా బావవి.

గార్డు కళ్ళు కప్పి అవతలి వైపు నుంచి దూరాడు. జనమంతా ఇటువైపే ఉన్నారు కాబట్టి ఎవరూ చూడలేదు. తాత బయల్దేరే గంట కాలితో నొక్కాడు. ఒకటోసారి. మూడోసారి మోగాక బండి కదులుతుంది. బావకు ఆ గంట వినబడదు.

నేనెలా పరుగెత్తానో నాకు తెలియదు. రెండో గంట మోగింది. పట్టాల మధ్యకు దూకి, బండి ముందు చేతులు రెండూ చాపి నిలబడి, "తాతా! చక్రం వదలొద్దు! కింద మనిషున్నాడు!" అని గొంతు చించుకున్నాను. తాత కళ్ళు పెద్దవయ్యాయి. చక్రాన్ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. బ్యాండు ఆగిపోయింది. లోపల్నుంచి అక్క, "ఏమైందే? ఎవరున్నారు కింద?" అని కేకలు. గార్డు నా చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకుని నేలమీద బోర్లా పడి బండి కిందికి పాకాను.

లోపల చీకటి, గ్రీజు వాసన. బావ వెల్లకిలా పడుకుని చిన్న సుత్తితో లీవర్ల మీద కొడుతున్నాడు. నన్ను చూడగానే, "ఏది మోగుతోందే? ఏది మోగడం లేదు? నాకు తెలియడం లేదు!" అని అరిచాడు. ఇనుము ఖంగుమంటుంది, చెక్క మొద్దుగా ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడానికి ఆయనకు చెవుల్లేవు. అది రెండు కొసలూ ఒకేలా ఉండే బండి, పట్టాల మీదికి తెచ్చేటప్పుడు అటుదిటు తిప్పి పెట్టారు. నాలుగింటిలో తనది ఏదో గుర్తుపట్టలేకపోతున్నాడు. చేతులు చూస్తే కాయలు కాసి మొద్దుబారిపోయినవి. కట్టెకూ ఇనుముకూ తేడా చెప్పలేవు. నా రంగు అంత బాగా నిలిచింది మరి.

నేను సుత్తి తీసుకోలేదు. అరచెయ్యి పెట్టి చూశాను. మొదటిది చల్లగా తగిలింది. రెండోదీ అంతే. ఆయన మీది నుంచి పాకి అవతలి వైపుకు వెళ్ళాను. మోకాలు చీరుకుపోయింది. మూడోదాని మీద చెయ్యి పెట్టాను. చలి లేదు. మామూలు బల్ల మీద చెయ్యి పెట్టినట్టుంది. వేళ్ళు అడుగువైపుకు పోనిచ్చాను. నేను బొటనవేలితో లప్పం నొక్కిన చోట చిన్న గుంట. పంతొమ్మిదేళ్ళ తర్వాత నా బొటనవేలు సరిగ్గా అందులో ఇమిడింది.

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే, జేబులో ఉండే రంగు గీరే కత్తి తీసి ఆ చోట గీకడం మొదలుపెట్టాను. నల్లరంగు పెచ్చులుగా నా కళ్ళల్లో పడింది. దానికింద మైనం లప్పం. దానికింద ఒక గీత. రెండు. మూడు. పక్కన సంవత్సరం.

"చాల్లే, నువ్వెళ్ళు. నేను గీకానని చెబుతా" అన్నాడు బావ. మెల్లగా అంటున్నాననుకున్నాడు పాపం. బయట ఉన్న మూడొందల మందికీ వినబడింది.

బండి కిందికి డైరెక్టరమ్మ ముఖం వంగింది. అంత మంచి బట్టలతో నేలమీద మోకాళ్ళూని చూస్తోంది.

"ఇది చెక్క మేడమ్" అన్నాను. "ఆయన గుర్తు పెట్టాడు. పూడ్చింది నేను. రిజిస్టరులో తప్పు రాసిందీ నేనే. అందరినీ దింపండి."

ఈసారి మెల్లగా చెప్పలేదు.

చక్రాల కింద చెక్కలు పెట్టి, జనాన్ని ఒక్కొక్కరినీ దింపారు. అక్క దిగి వచ్చి బావ గుండీల్లేని చొక్కా చూసి, గ్రీజు ముఖం చూసి, "నిన్ను ఇలా తయారుచేసి పంపించానా నేను?" అని ఏడుస్తూ తిట్టింది. మెల్లగా తిట్టడం మరిచిపోయింది.

లీవరు విప్పితే, బోల్టు రంధ్రం దగ్గర మొదలైన చీలిక సగం పొడుగు దాకా పాకి ఉంది. చీలిక లోపలి చెక్క ఇంకా మసి పట్టకుండా కొత్తగా ఉంది. వారం కిందటి ట్రయల్‌లోనే పగిలిందన్నమాట, అదీ ఖాళీ బండికి, చదును మీద. ముప్పై నలుగురితో దిగుడులో తాత ఆ చక్రం తిప్పి ఉంటే ఏమయ్యేదో ఇంజనీరు ఎవరికీ చెప్పలేదు. గేటు అవతల పోతున్న బస్సుల వైపు చూస్తూ నిలబడిపోయాడు. డైరెక్టరమ్మ లీవరు చేతిలోకి తీసుకుని, ఆ చీలికలో గోరు పెట్టి చూసింది.

బావ దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నాకిచ్చాడు. "చూడవే, నువ్వు గీకిన చోట తప్ప ఒక్క పెచ్చయినా లేవలేదు. మనుషుల్ని చంపేంత బాగా వేశావు రంగు" అన్నాడు.

ఆయన మామూలుగా వేళాకోళమే ఆడాడు. నేను మాత్రం ఆ రంగును గోళ్ళతో గీకుతూ ఉండిపోయాను.

విచారణ జరిగింది. తెలిసీ దాచినందుకు బావ సన్మానం పోయింది. నాలుగు నెలల తర్వాత ఎవరూ పువ్వొక్కటి ఇవ్వకుండానే రిటైరయ్యాడు. నాకు ఉద్యోగం మిగిలింది గానీ బోర్డుల పని నుంచి తప్పించి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. బావ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని నేనే చాలాసార్లు కోరుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు బావా?" అని చెవి దగ్గర అరిచాను.

"నువ్వే చెబుతావని" అన్నాడు. "కాస్త ఆలస్యం చేశావు, అంతే."

ఏడాది తిరిగాక నలభై ఒకటో నంబరు బండి ఇనప లీవరుతో నడిచింది. పాత చెక్క లీవరును అద్దాల పెట్టెలో, అడుగువైపు పైకి వచ్చేలా పెట్టారు. డైరెక్టరమ్మ నన్ను పిలిపించి, "దీనికి బోర్డు మీరే రాయాలి" అంది. ఏం రాయాలో చెప్పలేదు. నాలుగు రోజులు చెత్తబుట్ట నింపాను.

బావ, అక్క అందరిలాగే వరసలో నిలబడి, నా కిటికీ దగ్గరే టికెట్టు కొనుక్కుని చూడటానికి వచ్చారు. నేను కిటికీ మూసేసి వెంట వెళ్ళాను. బావ కళ్ళజోడు తుడుచుకుని, అద్దాల పెట్టె మీదికి వంగి, షెడ్డంతా వినబడేలా చదివాడు:

"బ్రేకు లీవరు. టేకు చెక్క. చేసింది ఈ మ్యూజియం వడ్రంగి మేస్త్రి. తాను చేసినట్టు మూడు గీతల గుర్తు పెట్టాడు. ఆ గుర్తు పూడ్చి, ఇనుమని రిజిస్టరులో రాసింది ఈ బోర్డు రాసిన మనిషి."

అక్క ముక్కు తుడుచుకుంది.

"మొత్తానికి నాకు బోర్డు రాశావన్నమాట" అన్నాడు. తర్వాత అద్దానికి ముఖం ఆనించి, "చూపు కూడా తగ్గినట్టుందే మరదలు పిల్లా. నా గీతలు కనబడుతున్నాయా?"

"కనబడుతున్నాయి బావా!" అని అరిచాను, ఆయనకు వినబడేలా. షెడ్డులో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి మావైపు చూశారు.